మినూలు నేర్చుకున్నది

"మైకులో ఏదో లోపముంది. ఒకసారి వచ్చి చూడు," అన్నాడు గేతాన్ ఫోన్‌లో.

అతని భార్య మిరెయ్ అప్పుడు వీధిమెట్ల మీద పార పట్టుకుని ఉంది. రెండు రోజులుగా కురిసిన మంచు ఇనుపమెట్లకు రాయిలా కరుచుకుపోయింది. పై అంతస్తులో వెలుతురు బాగుంటుందని మోజుపడి ఈ ఇల్లు తీసుకున్నది గేతాన్. పదమూడు చలికాలాలుగా మంచు తీస్తున్నది మిరెయ్. మొదటి ఏడాది "నాకు నడుం నొప్పి కదా" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట కూడా అనాల్సిన పని పడలేదు. ఆ నడుమే మార్చి నెలలో స్నేహితులతో కొండల మీద స్కీయింగుకు వెళ్ళినప్పుడు ఒక్కసారి కూడా పట్టెయ్యలేదు.

"మెట్లు శుభ్రం చేస్తున్నా. ఇంకా సగం ఉంది," అంది.

"మెట్లెక్కడికి పోతాయి? గురువారం ప్రారంభం మిరెయ్, ఇవాళ సోమవారం. ఇక్కడ అందరూ నా మొహం చూస్తున్నారు."

"మధ్యాహ్నం ఒడిల్‌ని పళ్ళ డాక్టరు దగ్గరికి..."

అప్పటికే ఫోన్ పెట్టేశాడు. మిరెయ్ మిగతా మెట్ల మీద కూడా మంచు తీసి, ఉప్పు చల్లి, పళ్ళ డాక్టరుకు ఫోన్ చేసి వేరే రోజు అడిగి, బూట్లు మార్చుకుని మ్యూజియానికి బయల్దేరింది.

మినూలంటే వెలుతురుతో చేసిన ప్రాణులు. మ్యూజియం మూడో అంతస్తులో, చీకటిగదిలో పరిచిన తెల్లటి నేల మీద పద్నాలుగు తిరుగుతుంటాయి. అరచేయంత ఉంటాయి. చేపలూ కావు, పిల్లులూ కావు. మనిషి పిలిస్తే విని తిరుగుతాయి, దగ్గరికొస్తాయి, నచ్చితే ఒళ్ళంతా నారింజరంగు చేసుకుంటాయి. ఏ గొంతుకు తిరగాలో, ఎవరిని నమ్మాలో వాటికెవరూ చెప్పి పెట్టలేదు. అవే చూసి నేర్చుకుంటాయి. పద్నాలుగు నెలల పాటు అవి మిరెయ్ వాళ్ళ వంటగది గోడ మీద పెరిగాయి. అక్కడ ఒక కెమెరా, రెండు మైకులు; ఈ చీకటిగదిలోనూ అవే. "ఒక కుటుంబపు వంటగదిలో, ప్రేమ మధ్య పెరిగిన ప్రాణులు" అని ప్రదర్శన గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు గేతాన్. దాని కింద "గేతాన్ ప్రూ" అని అతని పేరు. ఇంకా కింద, వంగి చూస్తే తప్ప కనపడనంత చిన్నగా, "ప్రోగ్రామింగ్ సహాయం: ఎం. లెతూర్నో."

సహాయం! కూతురు ఒడిల్ మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు, ఒళ్ళో పడుకుని పాలు తాగుతూ, ఏ గొంతు వినపడితే అటు తల తిప్పేది. అది చూసి, ఒంటిచేత్తో, పిల్లకు పాలిస్తూ మిరెయ్ రాసుకున్న చిన్న ప్రోగ్రాం అది. అప్పుడది తెర మీద తల తిప్పే ఒక్క చుక్క. వీడియోగేముల కంపెనీలో ఉద్యోగం వదిలేసి ఇంట్లో ఉన్న రోజులు. గేతాన్ వెనకనుంచి వంగి చూసి "ఇందులో ఏదో ఉంది సుమా" అన్నాడు. మొదటి ప్రదర్శనకు అది "మేం చేసింది." రెండోదానికి "మా ఆవిడ కూడా చెయ్యి వేసింది." మూడోదానికల్లా "నా ప్రాణులు." ఒకసారి విందులో ఒక విలేఖరి మర్యాదకు అడిగాడు, "మీరు కూడా కళాకారిణేనా?" అని. ఆమె నోరు తెరిచేలోపే గేతాన్ అందుకున్నాడు: "ఆవిడే లేకపోతే నాకు తిండి కూడా దొరకదండీ!" బల్ల చుట్టూ అందరూ నవ్వారు. మిరెయ్ కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది. అత్తగారు ఉగెత్ అయితే మరీ తీయగా అంటుంది: "మా గేతాన్‌కి ఆలోచనలు, నీకు టైపింగు. దేవుడు భలే కలిపాడు మిమ్మల్ని."

మూడో అంతస్తులో గేతాన్, ప్రదర్శన చూసుకునే కొరిన్ ఎదురుచూస్తున్నారు. కొరిన్ ముప్పై ఏళ్ళ మనిషి, చెవులకు పెద్ద చెక్కపోగులు, మొహంలో మూడు రోజుల నిద్రలేమి.

"మదాం ప్రూ, వచ్చారా, హమ్మయ్య!"

"లెతూర్నో," అంది మిరెయ్ కోటు విప్పుతూ. "పెళ్ళయితే ఇక్కడ ఇంటిపేరు మారదు కదా."

"అబ్బ, ఇప్పుడదా ముఖ్యం?" అన్నాడు గేతాన్. "మైకులు రెండుసార్లు మార్చారు. లాభం లేదు. ఆడవాళ్ళ గొంతు సన్నగా ఉంటుంది చూడు, అది పట్టుకోవటం లేదనుకుంటా. కొరిన్, చూపించు."

కొరిన్ తెల్లటి నేల అంచున మోకాళ్ళ మీద కూర్చుని పిలిచింది. "మినూ... మినూ... ఇలా రండి."

పద్నాలుగు ప్రాణులూ ఠక్కున ఆగాయి. వినపడక కాదు. విన్నాయి. విని, నెమ్మదిగా అన్నీ ఒక్కసారే తిరిగి, ఆమె పక్కన నిలబడ్డ గేతాన్ వైపు చూశాయి. అతను నోరు విప్పలేదు. అయినా ఎదురుచూస్తున్నాయి.

"చూశావా!" అని నవ్వాడు గేతాన్. అతని గొంతు వినపడగానే పద్నాలుగూ నారింజరంగుకు మారి, ఒకదాన్నొకటి తోసుకుంటూ అతని బూట్ల దగ్గరికి పరిగెత్తాయి.

"నేనంటే వీటికి గిట్టదేమో," అంది కొరిన్, నవ్వటానికి ప్రయత్నిస్తూ.

ఆ పొద్దున్నే పరీక్షకని ఒక బడి పిల్లల్ని పిలిపించారట. వాళ్ళింకా అక్కడే ఉన్నారు. పదేళ్ళ పిల్లలు, ఇరవై మంది, వాళ్ళ మాస్టారు. మిరెయ్ ఆడపిల్లల్ని ఒక్కొక్కళ్ళనే పిలవమంది. ఒకమ్మాయి గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. చేతులు ఊపింది, పాట పాడింది. మినూలు ఆగి, విని, గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్న మాస్టారి వైపే తిరిగాయి. ఆ పిల్ల కాసేపు చూసి, లేచి వెళ్ళి ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"మీరు పిలవండి సార్. మీరైతే వస్తాయి."

ఏ కోపమూ లేకుండా అంది ఆ మాట. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

మిరెయ్ మైకుల నుంచి వచ్చే శబ్దం కంప్యూటర్లో పెట్టి విన్నది. ప్రతి గొంతూ గంటలా స్పష్టంగా ఉంది. విషయం అప్పుడే అర్థమైంది కానీ, ఆ అర్థాన్ని పైకి అనటానికి నోరు రాలేదు.

"మైకులు బాగానే ఉన్నాయి. రేపు చూసి చెప్తాను," అంది.

"రేపంటే రేపే," అన్నాడు గేతాన్.

మర్నాడు పొద్దున ఒడిల్ బడికి, గేతాన్ మ్యూజియానికి వెళ్ళాక, మిరెయ్ వంటగది బల్ల మీద పళ్ళేలు పక్కకు జరిపి కంప్యూటర్ తెరిచింది. మినూలు ఏ పాఠం ఎప్పుడు నేర్చుకున్నాయో, ఎందుకు నేర్చుకున్నాయో తెలిసేలా, ప్రతి పాఠానికీ కారణమైన కొన్ని క్షణాల శబ్దాన్ని దాచుకునేలా ఆ ప్రోగ్రాం తనే రాసింది. హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని మొదటినుంచీ వినటం మొదలుపెట్టింది.

మొదట్లో అవి ఆమె గొంతుకు తిరిగేవి. రోజంతా ఆ వంటగదిలో వినపడేది ఆ గొంతే కదా. తర్వాత చూస్తూ చూస్తూ ఉండగా లెక్క మారింది. ఆ గొంతు లేచినా గదిలో ఏమీ కదలటం లేదు. ఎవరూ తల ఎత్తటం లేదు, ఎవరూ లేవటం లేదు. అది మొదలైన కాసేపటికి ఇంకో గొంతు, లావుపాటిది, దాని మీద పడుతోంది. ఆ గొంతు పడగానే గదంతా కదులుతోంది: గిన్నెలు జరుగుతున్నాయి, తలుపులు తెరుచుకుంటున్నాయి, సన్నటి గొంతు "సరే, ఇదిగో" అంటోంది. నాలుగో నెలకల్లా మినూలు తేల్చుకున్నాయి. ఆడగొంతు వినపడితే ఆగాలి. ఆగి, మగగొంతు కోసం చూడాలి. అసలు సంగతి అక్కడ ఉంటుంది.

వింటోంది మిరెయ్. "గేతాన్, బడినుంచి ఉత్తరం..." అంటే "కాఫీ అయిపోయిందా?" అని అతను. "నాకొక పని దొరికేలా ఉంది, వారానికి మూడు రోజు..." అంటే "షూలో, ఇలా చూడు, బెర్లిన్ వాళ్ళేం రాశారో!" అని. షూలో అంటే ఏమిటో ఆమెకే కాసేపు తట్టలేదు. తర్వాత గుర్తొచ్చింది: షూలో, అంటే నా చిన్ని క్యాబేజీ. పెళ్ళైన కొత్తలో ముద్దుగా పెట్టుకున్న పేరు. ఇప్పుడు అది ఆమె మాటకు అడ్డువేసే కర్ర.

అక్టోబరు పంతొమ్మిది దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ తేదీ తెలుసు. వినకుండా దాటేద్దామనుకుంది, దాటలేకపోయింది.

"ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. నాన్న ఇంక..."

"ఉప్పెక్కడ పెట్టావు?"

అంతే. తర్వాత అలమర తలుపు చప్పుడు. ఆమె లేచి ఉప్పు అందించిన చప్పుడు.

ఇన్నాళ్ళూ ఆ రోజు అతను తనను పొదివి పట్టుకున్నాడనే గుర్తుంచుకుంది. పట్టుకున్నాడు కూడా, తర్వాతెప్పుడో, అంత్యక్రియలకు వెళ్ళే దారిలో, నలుగురిలో. మధ్యలో ఉప్పు ఉంది. ఆ ఉప్పును తన బుర్రే ఎక్కడో పాతేసింది. వెలుతురు తప్ప ఒళ్ళే లేని పద్నాలుగు ప్రాణులు దాన్ని మర్చిపోకుండా ఉంచాయి. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. లేచి, కుళాయి తిప్పి, చేతులు చన్నీళ్ళ కింద పెట్టి చాలాసేపు నిలబడింది.

అక్కడితో ఆపేసి ఉంటే బహుశా కోపంతోనే ఊరుకునేదేమో. అలాంటి కోపాలు ఇంతకుముందు ఎన్ని రాలేదు, ఎన్నింటిని సూపుతోపాటు మరగబెట్టి దించెయ్యలేదు! కానీ మళ్ళీ వచ్చి కూర్చుంది. మిగిలినవి ఒడిల్ గొంతుతో ఉన్నాయి.

మొదటి నెలల్లో ఒడిల్ గొంతు గదంతా పరుచుకుని ఉంది. "మినూ, చూడండి నా కొత్త బూట్లు! అమ్మా, ఇది నన్ను చూసి రంగు మార్చింది! నాన్నా, ఇటు చూడు, ఇటు, నాన్నా!" ఏడో నెలకు వాక్యాలు పొట్టివయ్యాయి. పదో నెలకు వేగం పెరిగింది, ఎవరో తలుపు మూసేలోపు దూరిపోవాలన్నట్టు గబగబా మాట్లాడుతోంది. పన్నెండో నెలనుంచి కొత్తదొకటి మొదలైంది. "అమ్మా, ఇవాళ బళ్ళో..." అని మొదలుపెడుతుంది. గేతాన్ దగ్గాడో, కుర్చీ జరిపాడో. ఇంకా అతను మాట కూడా అనలేదు. "ఏంలేదులే," అనేస్తుంది.

ఏంలేదులే. ఏంలేదులే. మిరెయ్ లెక్కపెట్టటం మానేసింది. అది తన మాట. తన గొంతులో, తన విరుపుతో, తను పెళ్ళైన నాలుగేళ్ళకు నేర్చుకున్న మాట. కూతురు పన్నెండేళ్ళకే నేర్చేసుకుంది. ఆ వంటగదిలో పెరిగినవి మినూలు మాత్రమే కాదు.

సాయంత్రం గేతాన్ వచ్చాడు. కోటు కుర్చీ మీద పడేసి అడిగిన మొదటి మాట "తెలిసిందా?"

"తెలిసింది. లోపమేం లేదు. అవి సరిగ్గా నేర్చుకున్నాయి," అంది. ఒక్కొక్కటిగా వినిపించింది. కాఫీ, బెర్లిన్, ఉత్తరం. ఉప్పు కూడా.

అతని మొహం ఎర్రబడింది. సిగ్గేమోనని ఒక్క క్షణం ఆశపడింది.

"ఇలా ముక్కలు కోసి వినిపిస్తే ఎవడైనా రాక్షసుడిలాగే ఉంటాడు. ముందూ వెనకా ఏముందో చూడద్దూ?"

"ముందూ వెనకా ఏముందో నాకు తెలుసు గేతాన్. నేనక్కడే ఉన్నాను."

"సరే, తప్పే. ఒప్పుకున్నా. చాలా? తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. ముందు గురువారం సంగతి చూడు. ఒక్క వరుస రాసెయ్. ఆడగొంతుకి రెట్టింపు విలువ ఇచ్చెయ్, అవే తిరుగుతాయి. నీకదెంత, ఇరవై నిమిషాల పని."

నిజమే. ఇరవై నిమిషాల పనే. ఈ ఇంట్లో ఆమె చేసినవన్నీ ఇరవై నిమిషాల పనులే, చెయ్యమన్నవాళ్ళ నోట.

"రాయను."

"ఏమిటీ?"

"రాయను అన్నాను."

అప్పుడే ఒడిల్ తన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "అమ్మా, రేపు నాకు..."

"ఇది నా పదేళ్ళ కష్టం మిరెయ్!" అని బల్ల చరిచాడు గేతాన్. "నీ అలకల కోసం దీన్ని..."

"ఏంలేదులే," అంది ఒడిల్. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కూడా కాకుండా మూసుకుంది.

గేతాన్ చూడలేదు. అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మిరెయ్ మూసుకున్న ఆ తలుపువైపే చూస్తూ ఉండిపోయింది. అతని మాటలు చెవినపడుతున్నాయి, ఒక్కటీ లోపలికి పోవటం లేదు. అన్నేళ్ళలో మొదటిసారి, అతను మాట్లాడుతుంటే ఆమె అతని వైపు తిరగలేదు.

బుధవారం మ్యూజియంలో గేతాన్ ముందే కొరిన్‌ను పక్కకు తీసుకెళ్ళి నచ్చచెప్పడం మొదలుపెట్టాడు. "మిరెయ్ కాస్త అలిసిపోయింది. వాళ్ళ నాన్న పోయాక ఇలాగే..."

"మా నాన్న పేరెత్తకు," అంది మిరెయ్. గట్టిగా అనలేదు. అయినా నిచ్చెన మీద దీపాలు బిగిస్తున్న మనిషి కూడా చెయ్యి ఆపాడు. ఆమె కొరిన్‌కు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒడిల్ ముక్క మాత్రం చెప్పలేదు. అది ఎవరికీ ప్రదర్శన కాదు.

కొరిన్ కళ్ళల్లో ఇంకో వెలుగొచ్చింది. "ఇలాగే పెడదాం," అంది. "మార్చద్దు. జనం చూడాల్సింది ఇదే. గోడమీద రాసింది మార్చి, ఇద్దరి పేర్లూ సమానంగా..."

"నా ఇంటిని బజారున పెడతారా?" అని అరిచాడు గేతాన్.

"వంటగదిలో ప్రేమ మధ్య పెరిగాయని గోడంత అక్షరాలతో రాసింది నువ్వే," అంది మిరెయ్. "అప్పుడది బజారు కాదా?"

"ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకో. నేను వెనక్కి తీసేసుకుంటున్నా. ప్రదర్శనే లేదు. సంతోషమా?"

"ప్రోగ్రాం నాది. నేను రాసింది. అది నాతోనే ఉంటుంది. మిగతా దీపాలూ అవీ నువ్వు తీసేసుకో."

గురువారం మధ్యాహ్నం కొరిన్ దగ్గర మిగిలిపోయిన తన కంప్యూటర్ తెచ్చుకోవటానికి వెళ్ళింది మిరెయ్. మూడో అంతస్తు తలుపుకు కాగితం అంటించి ఉంది: "సాంకేతిక లోపం వల్ల ఈ ప్రదర్శన రద్దయినది. సందర్శకులు మన్నించగలరు." చదివి, ఉన్నచోటనే నవ్వింది. ఎవరో ముసలి దంపతులు భయపడి పక్కకు జరిగారు. పద్నాలుగు నెలలు, అంతకుముందు పన్నెండేళ్ళు, అన్నీ కలిపి చివరికి ఆ రెండు ముక్కల్లో ఇమిడిపోయాయి. టిక్కెట్ల దగ్గర కూర్చున్న అమ్మాయిని కలం అడిగి తీసుకుంది. "సాంకేతిక" అన్న మాటను అడ్డంగా కొట్టేసింది, కాగితం చిరిగేంత గట్టిగా. కలం తిరిగిచ్చి థాంక్స్ చెప్పింది.

శనివారం తనవి ఒక పెట్టె, ఒడిల్‌వి ఒక పెట్టె సర్దింది. అక్క లిజాన్ ఊరికి ఆ చివర, వెర్దాన్‌లో ఉంటుంది. "వెనక గది ఖాళీ. ఎన్నాళ్ళని అడగను," అంది ఫోన్‌లో. అత్తగారు కూడా ఫోన్ చేసింది. "ఏదో యంత్రం మాట పట్టుకుని కాపురం పాడుచేసుకుంటావా, పిచ్చిదానా?" "యంత్రం అబద్ధమాడలేదు ఉగెత్ గారూ," అని పెట్టేసింది. గేతాన్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అతనికి నిజంగానే అర్థం కావటం లేదు. ఆ సంగతి కూడా ఆమెకు తెలుసు, దానికీ కోపంగానే ఉంది.

"ఇరవై నిమిషాల పనికి ఇంత చేస్తావా?" అన్నాడు.

"వాటిని సరిచెయ్యటానికి ఇరవై నిమిషాలు చాలు," అంది మిరెయ్, ఒడిల్ వినకుండా, చాలా నెమ్మదిగా. "పిల్లని సరిచెయ్యటానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలీదు. అందుకని ఇవాళే మొదలుపెడుతున్నా."

మెట్రోలో జనం పెద్దగా లేరు. పెట్టెలు కాళ్ళ మధ్య పెట్టుకుని తల్లీ కూతురూ పక్కపక్కన కూర్చున్నారు. మూడు స్టేషన్లు దాటేదాకా ఒడిల్ కిటికీలో నల్లటి సొరంగాన్ని చూస్తూ ఉంది. మిరెయ్ ఏమీ అడగలేదు. అడిగితే జవాబు చెప్తుంది, అంతే. తనకు కావలసింది జవాబు కాదు.

"మా క్లాసులో ఒకమ్మాయి ఉంది," అంది ఒడిల్ ఉన్నట్టుండి, కిటికీలోకే చూస్తూ. "సైన్సు ప్రాజెక్టు మేమిద్దరం కలిసి చెయ్యాలి. అదేమో అంతా తనే చేశానని మేడంకి చెప్పింది. నేను చెప్పాలనుకున్నా. చెప్పటానికి వెళ్ళా కూడా. కానీ అక్కడ..."

ఫోన్ మోగింది. తెర మీద గేతాన్ పేరు. ఒడిల్ ఠక్కున ఆగిపోయింది. చూపు ఫోన్ మీదికి తిరిగింది, ఒళ్ళంతా దానివైపు తిరిగింది.

"నాన్న. తియ్యి అమ్మా," అంది. "నాదేంలేదులే."

మిరెయ్ ఫోన్ పూర్తిగా ఆపేసి సంచి అడుగున పడేసింది. మొత్తంగా కూతురి వైపు తిరిగి కూర్చుంది.

"వాక్యం మధ్యలో ఉన్నావు," అంది. "నేను వింటున్నా. పూర్తి చెయ్యి."